సాబ్ ప్రేమతో అమ్మిన కారు

మా ఆయన వీరభద్రరావు ఇరవైనాలుగేళ్లు సైన్యంలో డ్రైవరుగా చేశారు. మంచుకొండల్లో ట్రక్కులు నడిపారు. చివరి ఆరేళ్లూ ఢిల్లీలో బ్రిగేడియర్ భరద్వాజ్ దగ్గర పనిచేశారు. హవల్దారుగా రిటైరై ఘాజియాబాద్‌లో రెండు గదుల ఫ్లాటు కొన్నారు. తాగరు, పేకాడరు, ఎవరి దగ్గరా చేయి చాచరు. అలాంటి మనిషిని ఒక కారు ఎలా తినేసిందో చెప్పకపోతే నా కడుపుమంట చల్లారదు.

2021లో ఆ బ్రిగేడియర్ సాబ్ ఫోన్ చేశాడు.

"రావ్, నా జర్మన్ కారు బయటివాళ్లకి అమ్మడానికి మనసొప్పడం లేదు. నీకంటే బాగా చూసుకునేవాడెవడు? నీకైతే పదకొండు లక్షలకే ఇస్తాను."

ఏమి ప్రేమ! బయట ఎవరూ ఎనిమిది కూడా ఇస్తామనలేదని తర్వాత తెలిసింది. అది ఏడేళ్ల డీజిల్ బండి. ఢిల్లీ చుట్టుపక్కల పదేళ్లు నిండిన డీజిల్ బండిని రోడ్డెక్కనివ్వరని కూరగాయలమ్మేవాడికి కూడా తెలుసు. అదే అన్నాను.

"సాబ్ పైవాళ్లని కనుక్కున్నారట. ఆ రూలు ఎత్తేస్తారట," అన్నారాయన.

"పోనీ, బేరమైనా ఆడండి."

"సాబ్‌తో బేరమా? నీకేమైనా మతిపోయిందా హనుమా?"

రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో ఐదు లక్షలు పోశారు. మిగతా ఆరు లక్షలకీ బ్యాంకు లోను, ఐదేళ్ల వాయిదాలు.

అక్కడితో అయిపోతే బాగుండును. సర్వీసుకి వెళ్లినప్పుడల్లా నలభైవేలు. నాలుగు టైర్లకి తొంభైవేలు. ఒకసారి గుంతలో పడి బండి ఒక పక్కకి కూలబడిపోతే, దాన్ని లేపడానికి లక్షా అరవై! ట్రక్కు ఇంజను విప్పి మళ్లీ బిగించగల మనిషి మా ఆయన. ఈ కారు మూత తెరిస్తే నల్ల ప్లాస్టిక్ తప్ప ఏమీ కనబడదు. కంప్యూటరు తగిలిస్తేగాని రోగమేమిటో తెలియదు, తగిలించినందుకే నాలుగువేలు. ఇంట్లో పాలు అరలీటరుకి తగ్గించాను. అయినా ఆదివారం పొద్దున్నే కారు తుడుచుకుంటున్నప్పుడు ఆయన మొహం చూసి నోరు మూసుకున్నాను. నాదీ బుద్ధితక్కువే.

పద్నాలుగేళ్లుగా కంటోన్మెంట్‌లోని తెలుగు ఆడవాళ్లకి జాకెట్లు కుడుతున్నాను. మార్కెట్లో ఒక చిన్న కొట్టు తీసుకోవాలని, అడ్వాన్సు కోసం మూడున్నర లక్షలు దాచాను. కారు కొన్న రెండేళ్లకి ఆ మహాతల్లి గేరుబాక్సు పోయింది.

"ఇదొక్కటీ బాగుచేయించి అమ్మేద్దాం. నీ డబ్బు నీ చేతిలో పెడతాను," అన్నారు.

ఇచ్చాను. బాగుచేయించారు. కానీ అమ్మలేదు! అడిగినప్పుడల్లా, "సాబ్ ఇచ్చిన బండి, ఆయనకి చెప్పకుండా అమ్మితే బాగుండదు," అనేవారు. చెప్పడానికి మొహమాటం. అలా ఏడాది నాన్చారు. ఆ ఏడాదిలో పదేళ్లూ నిండాయి. ఆ తర్వాత మూడో వారంలో పెట్రోలు బంకు దగ్గర పోలీసులు కారుని పట్టుకుపోయారు. పదివేలు జరిమానా కట్టి, బండిని ఢిల్లీ చుట్టుపక్కల ఉంచకుండా దూరం పంపించేస్తామని రాసిచ్చి విడిపించుకున్నాం. పాత కార్లు కొనేవాడు చుట్టూ తిరిగి చూసి లక్షా ఇరవై ఇస్తానన్నాడు. బ్యాంకుకి ఇంకా రెండేళ్లు కట్టాలి. నేను చూసుకున్న కొట్టు యజమాని అడ్వాన్సు కోసం నెలాఖరు దాకా ఆగుతానన్నాడు.

"పదండి వసంత్ కుంజ్‌లో సాబ్ ఇంటికి. తెలిసి ఎందుకు అంటగట్టారని అడగండి. నా మూడున్నర లక్షలైనా ఇమ్మనండి," అన్నాను.

మెట్రోలో దారి పొడవునా ఆయన పెదాలు కదుపుతూనే ఉన్నారు. ఏం అడగాలో వల్లెవేసుకుంటున్నారు. నాకు జాలేసింది.

సాబ్ ఇంటి ముందు కొత్త కారు మెరిసిపోతోంది. అతను నవ్వుతూ లోపలికి పిలిచాడు. టీ వచ్చింది. మా ఆయన కూర్చోలేదు. సాబ్ ఆరోగ్యం అడిగారు, మేడమ్ ఆరోగ్యం అడిగారు, కుక్క ఎలా ఉందని కూడా అడిగారు. అసలు మాట మాత్రం నోట్లోంచి రాలేదు. నాకు ఒళ్లు మండింది.

"సాబ్, పదేళ్లు నిండితే ఆ కారు పనికిరాదని మీకు ముందే తెలుసు కదా?" అన్నాను నాకొచ్చిన హిందీలో.

అతను హాయిగా నవ్వాడు. "తెలుసు కాబట్టే అమ్మేశానమ్మా. ఎవరైనా అందుకే అమ్ముతారు!"

"మరి రూలు ఎత్తేస్తారని మా ఆయనకెందుకు చెప్పారు?"

"హనుమా!" మా ఆయన కసిరారు. "సాబ్‌తో అలా మాట్లాడకూడదు. సారీ చెప్పు."

పాతికేళ్ల కాపురంలో ఆయన నాతో ఆ గొంతుతో ఎప్పుడూ మాట్లాడలేదు. నేను సారీ చెప్పలేదు. టీ ముట్టలేదు.

"కోపం వద్దమ్మా," అన్నాడు సాబ్. "రావ్, మా డ్రైవరు మానేశాడు. సోమవారం నుంచి వచ్చెయ్. ఇరవైరెండువేలు ఇస్తాను."

"జీ సాబ్!" అన్నారు మా ఆయన, కాళ్లు దగ్గరకి చేర్చి నిటారుగా నిలబడి.

నా వైపు చూడనైనా చూడలేదు. గేటు దాటాక మాత్రం మొహం వెలిగిపోతోంది.

"చూశావా? సాబ్ మనల్ని వదిలెయ్యలేదు. ఆ జీతంతో లోను వాయిదా కట్టేసుకోవచ్చు."

వాడి కారు కొన్నందుకు, వాడి కారే నడిపి అప్పు తీర్చాలి! అరవాలనిపించింది. అరిస్తే ఆయనకి అర్థం కాదు. అక్కడే రోడ్డు పక్కన నిలబడి కొట్టు యజమానికి ఫోన్ చేసి, ఇంకెవరికైనా ఇచ్చుకోమని చెప్పాను.