గుమ్మం ముందు మూడు కుండలు

మా ఆడపడుచు పెళ్లి నేనే కుదిర్చాను. కుదిర్చిన సంగతి పెళ్లివారు డప్పులు కొట్టుకుంటూ వచ్చేదాకా నాకు తెలియదు. ఇంతటి ఘనకార్యం చేసిన మనిషి మన వైపు ఇంకొకరు ఉండరని నా నమ్మకం. ఇన్నాళ్లూ ఈ సంగతి నోటితో చెప్పి నవ్వించాను. వయసు మళ్లాక అక్షరాలు వచ్చాయి కనక ఇప్పుడు రాస్తున్నాను. నవ్వండి, ఏమీ అనుకోను. కాకపోతే తొందరపడకండి. ముందు మా ఇల్లు చూడాలి.

ఇల్లంటే రెండు ఇళ్లు. మొదటిది సముద్రానికి అవతల, బర్మాలో, మౌల్మేనులో. నేను పుట్టిందీ పెరిగిందీ కాపురానికి వెళ్లిందీ ఆ ఊళ్లోనే. మా మామగారు అక్కడ కలప కోత మిల్లులో పెద్ద మేస్త్రీ. మిల్లువాళ్లు ఆయనకి టేకు ఇల్లిచ్చారు. నిలువెత్తు స్తంభాల మీద నాలుగు గదులు, ముందు వసారా, వసారా కింద పదకొండు మెట్లు, మెట్ల కింద నది. వానాకాలంలో ఆ వసారాలో కూచుంటే ఇల్లే పడవై ఎక్కడికో పోతున్నట్టుండేది. మామగారు పోయారు. ఇల్లు మిల్లుకి పోయింది. అదే ఏడు, అరకు కొండల్లో ఒక షావుకారు అడవిలో చెట్లు కొట్టే కూపు వేలంలో పాడుకున్నాడని, రైలు పట్టాల కింద వేసే దుంగలు కోయడానికి పెద్ద రంపం తెలిసినవాళ్లు కావాలని కబురొచ్చింది. మా ఆయన సరేనన్నాడు.

ఓడలో నాలుగు రోజులు, బండి మీద రెండు రోజులు, ఆపైన కాలినడకన కొండ ఎక్కాం. మా అత్త విశాఖ రేవులో దిగగానే వంగి మట్టి కళ్లకద్దుకుంది. ఆవిడకి అది సొంతదేశం. నాకు మాత్రం అదే పరదేశం పోవడం.

అరకు నుంచి హుకుంపేట పోయే వైపు, కొండ వాలులో ఇరవై గడపల ఊరది. మాకిచ్చిన ఇల్లు ఒకటే గది. ఎర్రమట్టి గోడలు, గడ్డి కప్పు, నడిమధ్య పొయ్యి. అందులో మా అత్త, మా ఆయన, నేను, మా ఆడపడుచు నూకాలు. పడుకుంటే నా తల పొయ్యి దగ్గర, కాళ్లు గుమ్మం దగ్గర. ఒకరు పక్కకి తిరగాలంటే మిగతా ముగ్గురికీ కబురు చెయ్యాలి.

మనసుకి చెప్తే వింటుంది గాని ఒళ్లు వినదు కదా. నా ఒళ్లు ఇంకా మౌల్మేనులోనే ఉంది. పొద్దున్నే లేచి వసారాలోకి పోతున్నాననుకుని పొయ్యి బూడిదలో కాలు పెట్టేదాన్ని. గుమ్మం దాటగానే లేని మెట్టు కోసం కాలు జాపి, వాకిట్లో చతికిలబడేదాన్ని. వీపు మీద వెచ్చగా ఎండ తగిలితే ఆ వసారాలోనే ఉన్నాననుకుని కళ్లు మూసుకుని, పట్టుకునే కమ్మీ కోసం రెండు చేతులతో గోడ తడిమేదాన్ని.

మా అత్త చూసి, "ఏటే కోడలా, గోడకి గంధం రాత్తన్నావేటి?" అనేది.

నేను సిగ్గుపడి మళ్లీ బూడిదలో కాలు పెట్టేదాన్ని.

దానికి తోడు ఆ ఊరి మంచు. మేం వచ్చింది మార్గశిరంలో. పొద్దెక్కేదాకా పక్కిల్లు కనపడదు. మంచు విడితే కొండ వాలంతా ఒలిసె పూలు, పసుపు నీళ్లు ఒలకబోసినట్టు. ఆ పూల మధ్య నిలబడితే మనం నిద్రలో ఉన్నామో మెలకువలో ఉన్నామో తేల్చుకోవడం కష్టం. నేను తేల్చుకోకుండానే నెల గడిపాను. జరిగినదానికి సగం తప్పు ఆ మంచుదే. మిగతా సగం నాది.

ఇప్పుడు నూకాలు సంగతి చెప్పాలి. మా ఆయనకి చెల్లెలు, నాకంటే రెండేళ్లు చిన్న. పెళ్లయిన ఏడాదికే మొగుడు జ్వరంలో పోయాడు. మాలో మారుమనువు ఉంది. మౌల్మేనులో ఇద్దరు ముగ్గురు అడిగారు కూడా. ఎవరి పేరెత్తినా పిల్ల అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకునేది. ఆఖరికి మా ఆయన చెల్లెలి తల మీద చెయ్యివేసి, "నీ నోటంట నువ్వు సెప్పందే నిన్నెవులికీ ఇవ్వనమ్మా" అన్నాడు. ఆ మాట మా ఇంట్లో దేవుడి గూట్లో దీపంలా ఉండేది. ఎవరూ దాని జోలికి పోలేదు. నేను తప్ప.

మొదటి కుండ ఒక సంత రోజు మర్నాడు వచ్చింది. తెల్లవారి తలుపు తీస్తే గుమ్మం ముందు నల్లటి మట్టి కుండ, మీద ఆకు మూత. మంచులోకి వెళ్లిపోతున్న ఒక వీపు కనిపించింది. ఆ వీపు మా పక్కింటి గురుబారిది. ముసలావిడ. పిలిచాను. వెనక్కి తిరగలేదు.

మౌల్మేనులో ప్రతి ఇంటి ముందూ దారిన పోయేవాళ్ల కోసం చల్లటి నీళ్ల కుండ పెడతారు. పెట్టినవాళ్లు మాట్లాడరు, తాగినవాళ్లు అడగరు. పుణ్యం అలా గుట్టుగా ఉండాలని వాళ్ల నమ్మకం. అది చూస్తూ పెరిగినదాన్ని. ఈ కొండల్లో కూడా ఎంత మంచి మనుషులున్నారమ్మా, కొత్తగా వచ్చినవాళ్లకి దాహమని ఇంటి ముందుకే తెచ్చి పెట్టారు అనుకుని, కళ్లకద్దుకుని లోపలికి తెచ్చాను. పైగా మా కుండలన్నీ కొండ ఎక్కేటప్పుడే పగిలాయి. ఒక్క ఇత్తడి బిందెతో ఈదుతున్నాం.

మూత తీస్తే తెల్లటి నురగ, పుల్లగా ఏదో వాసన. అత్త దగ్గరికి పట్టుకెళ్లాను. ఆవిడ వాసన చూసింది. పెదవి తడుపుకుంది. "మోకాళ్ల నొప్పికి మందులాగుందే" అంది. నిజంగానే మంచి మందు. సగం కుండ అయ్యేసరికి తనకి మోకాళ్లున్న సంగతే మరిచిపోయి, మామగారు పెళ్లిలో ఎలా నడిచారో నడిచి చూపించింది. అది జీలుగు చెట్టు కల్లు అని ఆవిడకి తెలియదని నేను ఈ రోజుకీ నమ్మకంగా చెప్పలేను.

ఒకరి కుండ ఖాళీగా తిరిగి ఇవ్వడం మర్యాద కాదు. మౌల్మేను నుంచి ప్రాణంలా దాచి తెచ్చుకున్న నప్పి ఉంది నా దగ్గర. రొయ్యల్ని ఉప్పులో ఊరబెట్టి, ఎండబెట్టి నూరిన ముద్ద. తినేవాళ్లకి అమృతం. తిననివాళ్లు ఊరు వదిలి పారిపోతారు. కుండ కడిగి, అందులో ఇంత నప్పి పెట్టి, గురుబారి చేతికిచ్చాను. ఆవిడ మూత తీసింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆనందం కాబోలనుకున్నాను. నోరెత్తకుండా ఆ కుండని తలకి ఆనించుకుని లోపలికి వెళ్లింది. ఆడపిల్లవాళ్లు కుండ నింపి తిరిగి పంపితే ఆ ఊళ్లో దాని అర్థం ఏమిటో నాకు తర్వాత తెలిసింది. వాళ్లే మహా తొందరలో ఉన్నారని అట.

వారం తిరిగేసరికి రెండో కుండ. ఈసారి కుండ మెడకి పసుపు రాసిన నూలు పేట. లోపలిది మా అత్త మోకాళ్లకి పోయింది. నూలు పేట మాత్రం భలే పనికొచ్చింది. గుమ్మానికున్న వెదురు తడక ఊడి వేలాడుతుంటే, దాన్ని ఆ పేటతో గట్టిగా బిగించి కట్టాను. ఊళ్లోవాళ్లు అటుగా పోతూ మా తడక వైపు చూసి, ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుని నవ్వుకునేవారు. నేనూ నవ్వేదాన్ని. ఎంత కలుపుగోలు ఊరు అనుకున్నాను.

మూడో కుండ రావడం నేను చూడలేదు. దిగువనున్న గెడ్డ వాగుకి నీళ్లకెళ్లి వచ్చేసరికి పొయ్యి పక్కన కూచుని ఉంది. అత్త తెచ్చుకుందనుకున్నాను. మందు మీద ఆవిడకి శ్రద్ధ ఎక్కువైన రోజులవి.

మా ఆయన సంత నుంచి సంతదాకా కూపులోనే ఉండేవాడు. ఆ వారం ఇంటికొచ్చి అన్నం తింటూ, తనతో రంపం లాగే సుక్రు అనే కొండ మనిషి గురించి చెప్పాడు. పెద్ద రంపానికి రెండు పిడులు. ఒక పిడి ఈయనది, అవతలి పిడి సుక్రుది. నెమ్మదైనవాడు, పొయ్యిలోకి కట్టెలు చేరవేస్తూ రెండు మూడుసార్లు మా వాకిట్లోకి కూడా వచ్చాడు.

"ఈడేటో ఈ మజ్జిన నన్ను బావా అంటన్నాడే. నా బువ్వ మూట కూడా ఆడే మోత్తన్నాడు" అన్నాడు.

"కొండోళ్ల మరేద మావా" అన్నాను, అన్నీ తెలిసినదానిలా.

ఆ మర్నాడే డప్పులు వినిపించాయి.

మంచు ఇంకా విడలేదు. ఆ తెల్లటి మంచులోంచి ముందు చప్పుడు వచ్చింది, తర్వాత మనుషులు వచ్చారు, ఒకరి వెనక ఒకరు, ఒలిసె పూలు తలల్లో పెట్టుకుని. సామల బుట్టలు మోసే ఆడవాళ్లు, ఒక మేక, చేతికర్ర పట్టుకున్న ఊరిపెద్ద, ఆయన వెనక కొత్త తలపాగాతో సుక్రు. కల ఎంత బాగుందీ అనుకుంటూ నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. పండగ ఊరేగింపేమో, మన ముందు నుంచి వెళ్లిపోతుందనుకున్నాను. అది మా వాకిట్లో ఆగింది. మేక నేరుగా లోపలికొచ్చి పొయ్యి పక్కన నిలబడింది. ఇక ఇంట్లో మాకు చోటు లేదు. అందరం బయటికొచ్చాం.

గురుబారి ముందుకొచ్చింది. మూడో కుండ దాటేదాకా పెళ్లి మాట నోట ఎత్తకూడదట. ఇప్పుడు దాటింది కనక ఎత్తింది. సుక్రు తన మేనల్లుడు. మొదటి కుండ లోపలికి పోతే సంబంధం కాదనలేదని, రెండోది పోతే ఇష్టమని, మూడోది పోతే పిల్లనిచ్చినట్టని. పిల్ల తల్లి తాగితే ఇక తిరుగులేదని. తాగడమేమిటి, అడుగంటా తాగిందని. పైగా మేం నప్పి పంపామని, సుక్రు ఇంటిల్లిపాదీ రెండు రోజులు ముక్కు మూసుకుని పిల్ల మీద ప్రేమతో దాన్ని తిన్నారని.

మా అత్త నెమ్మదిగా నా వెనక్కి వచ్చి నిలబడింది.

మా ఆయన మొహంలో నెత్తురు లేదు. "నా సెల్లికి నాను మాటిచ్చినాను. అడక్కండా ఎలా ఇచ్చేత్తాను? ఎవులే ఈ కుండలు లోనకి తెచ్చింది?" అన్నాడు.

ఎవరూ నా వైపు చూపించనక్కర్లేకపోయింది. తడక మీద పసుపు పేట అందరికీ కనిపిస్తూనే ఉంది.

మౌల్మేను నీళ్ల కుండల సంగతి, పుణ్యం సంగతి, ఏడుస్తూ చెప్పాను. డప్పులవాళ్లు నవ్వు ఆపుకోలేక డప్పులు కింద పెట్టేశారు. ఊరిపెద్ద మాత్రం నవ్వలేదు. తన కర్ర చివర నేల మీద గీతలు గీస్తూ, "కుండ తిరిగి పంపొచ్చు. కాని మూడు కుండలూ తాగి కాదంటే, ఈ కొండ మీద ఎవరూ సుక్రుకి ఇంక పిల్లనివ్వరు. మా గుంటడి బతుకు పోతాది. అవునంటే, అడక్కుండా మీ గుంట బతుకు పోతాది. ఆ పిల్లనే అడగండి. మాకు పిల్ల నోటి మాటే పెద్ద" అన్నాడు.

సుక్రు తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. అది చూశాక నాకు ఇంకా ఏడుపొచ్చింది.

నూకాలు ఇంటి వెనక సామలు దంచుతోంది. ఇంత గోల వినపడనట్టు రోకలి పడుతూనే ఉంది. కాళ్ల మీద పడ్డంత పని చేశాను.

"తప్పంతా నాదే నూకాలూ. తెలీక మూడు కుండలూ లోనకి తెచ్చేసినాను. నానే ఎల్లి సెప్పుకుంటాను. నిన్నెవులూ ఏటీ అనరు."

"మూడేటి వదినా. నువ్వు తెచ్చినవి రెండే."

"మరి మూడోది అత్త..."

"ఆ మోకాళ్లతో అమ్మ అంత కుండ ఎత్తగలదేటి?"

రోకలి మళ్లీ పడింది. నూకాలు మొదటి కుండ నాడే అదేమిటని గురుబారిని అడిగిందట. పిల్ల అడిగితే మాత్రం చెప్పొచ్చట.

"తెలిసుండీ నాకెందుకు సెప్పలేదే?"

"సెప్తే బేగి పట్టుకెల్లి ఇచ్చేద్దువు కదా" అంది. తల వంచుకునే, "కూపులో రంపం కాడ సూసినాను, అన్నయ్య లాగినప్పుడు ఆడు వదుల్తాడు, వదిలినప్పుడు లాగుతాడు. గట్టిగా అరవడు. సాలు నాకు" అంది.

నేను కాపురానికొచ్చిన ఐదేళ్లలో నూకాలు ఒక్కసారే అన్ని మాటలు మాట్లాడటం నేను వినలేదు.

పరిగెత్తుకెళ్లి చెప్పాను. మా ఆయన నమ్మక తనే వెళ్లి అడిగి, కళ్లు తుడుచుకుంటూ వచ్చాడు. డప్పులు లేచాయి. మా అత్త నా వెనక నుంచి ముందుకొచ్చి, ఇదంతా మొదట్నించీ తనకు తెలుసన్నట్టు మేకకి మేత పెట్టమంది. నాకు కొంచెం గర్వం కూడా కలిగింది. ఒక మనిషి బతుకు బాగుపడింది. అదీకాక, పాపం ఒప్పుకోవాలి, ఇంట్లో ఒకరు తగ్గితే ఇక రాత్రిళ్లు కాళ్లు జాపుకోవచ్చన్న ఆలోచన కూడా ఒక మూల మెదిలింది.

అప్పుడు ఊరిపెద్ద ఇంకో మాట చెప్పాడు. వాళ్ల ఆచారంలో పెళ్లయ్యాక మూడేళ్లు అల్లుడే పిల్లవాళ్లింటికొచ్చి ఉండి పని చెయ్యాలట. సుక్రు అందుకు సిద్ధపడే వచ్చాడట. చంకలో చాప కూడా ఉంది. నేనే చూడలేదు.

ఆ రోజే పొయ్యి ముందు నిలబడి, అగ్నిసాక్షిగా, మేక సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. సాక్షాత్తు దేవుడే దిగొచ్చి నా గుమ్మం ముందు కుండ పెట్టినా సరే, పెళ్లి ఎవరికి, కాపురం ఎవరింట్లో అని రెండు ప్రశ్నలూ అడిగి తెలుసుకోందే దాన్ని ముట్టుకోను. ఇంతవరకూ ఆ ఒట్టు తప్పలేదు. మా ఇంట్లో ఇంకో చాప పరిచే చోటు లేదని ఊరందరికీ తెలుసు కనక, ఎవరూ కుండ తేలేదు కూడా.