నేలతాడి గడ్డకు చెప్పిన పేరు

కరీంనగర్‌లో నేను ఎప్పుడూ వెళ్లే మూలికల దుకాణంలో మొన్న ఒక కొత్త గాజుసీసా కనబడింది. లోపల అచ్చం మనిషిలాంటి వేరు. రెండు కాళ్లు, రెండు చేతులు, నెత్తిమీద జుట్టులా పీచు. జిన్సెంగ్ అట. దుకాణదారు మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టాడు. తడిమట్టి వాసన, దాని వెనక కొంచెం చేదు. "కొరియా దిక్కు అడవులల్ల దీన్ని తవ్వేముందు ఎర్రదారం కడ్తరట సార్. లేకుంటె మనిషి లెక్క లేచి ఉరుకుతదట" అని పకపకా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. వేరును చుట్టంలా పిలిచి తెచ్చుకునే మనిషిని నేను కళ్లారా చూశాను. ఆమె పేరు లచ్చుబాయి.

ఇరవై ఏళ్ల కిందటి మాట. ఉట్నూర్ దగ్గర ఒక ఆశ్రమ పాఠశాలలో సైన్సు సారుగా చేరాను. బడి వెనక గూడెంలో లచ్చుబాయి ఉండేది. నాయకపోడు గిరిజనుల ఆడమనిషి, అరవై దాటింది, ఒంటిమీద పిడికెడు కండ లేదు. అడవిలో ఏ గడ్డ ఏ గట్టు మీద ఉందో చెప్పాలంటే ఆమే చెప్పాలి. నేను వృక్షశాస్త్రం చదివిన పొగరులో ఉన్నాను. ఒకరోజు తాటిమొలకలాంటి ఆకులతో, నేలకు అంటుకున్న పసుపుపచ్చని పువ్వుతో ఉన్న నేలతాడి మొక్కను చూపించి, దాని లాటిన్ పేరు గడగడా చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నది. "గంత పొడుగు పేరుతోని పిలిస్తె అది పలుకుతదా సారూ?" అన్నది.

అప్పుడు సిరిసిల్లలో మా అవ్వ, నన్ను కన్నతల్లి, నాలుగు నెలలుగా దగ్గుతోంది. మరమగ్గాల సాంచెల దగ్గర నూలు కండెలు చుట్టే మనిషి, కూర్చున్నచోటు నుంచి లేవలేకపోతోంది. సాయంత్రమైతే జ్వరం. అదేమిటో ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరి నోటా ఆ మాట రాలేదు. వాడకు తెలిస్తే మా గడప ఎవరూ తొక్కరని బాపు భయం. "కడుపు సింపుకుంటె కాళ్ల మీద వడ్తది" అనేవాడు. దగ్గుమందు కూడా పక్క వాడలో కొనేవాళ్లం. చదువుకున్న నేనూ నోరు మూసుకున్నాను. ఇప్పటికీ దానికి సిగ్గుపడతాను. ఉడిగిన బలాన్ని తిరిగి తెచ్చే గడ్డ నేలతాడి అని విని, దాంతో అవ్వ లేచి కూర్చుంటుందని ఆశపడి లచ్చుబాయి దగ్గరికి వెళ్లాను.

"ఎవలికి?" అన్నది.

"నాకే పెద్దవ్వా. నీరసంగా ఉంటుంది" అన్నాను. ఎవరికైతే ఏమిటి, గడ్డ గడ్డే కదా అనుకున్నాను.

ఆ సాయంత్రం గుట్ట మీదికి తీసుకుపోయింది. తన నీడ మొక్క మీద పడకుండా పక్కకు జరిగి కూర్చుని, పసుపు బియ్యం చల్లింది. నా పేరు, ఇంటిపేరు, ఊరు అడిగి మొక్కకు చెప్పింది. "తల్లీ, గీ సారుకు పానం బాగలేదట. పొద్దుగాల వస్తం. సుట్టమై మా వెంట రా" అని దండం పెట్టింది. తెల్లారి ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లి, ఇనుము తాకనీయకుండా కట్టెపుల్లతో గంటసేపు తవ్వింది. మట్టి దులిపితే ఆకారం బయటపడింది. కింద రెండు కాళ్లు, పక్కన రెండు చేతులు! ఎన్ని వేర్లు కోసి పిల్లలకు చూపించానో, ఒక వేరుకు చేతులెత్తి మొక్కడం మాత్రం అదే మొదలు.

"నా ముంగటనే తిను" అన్నది.

ఇంటికి తీసుకుపోయి తింటానన్నాను. ఆమె కదలలేదు. నా కళ్లలోకి చూస్తూ కూర్చుంది. చివరికి ఉన్నదంతా కక్కేశాను. అవ్వ దగ్గు, జ్వరం, మేము దాచింది, అంతా.

లచ్చుబాయి కోపం చెయ్యలేదు. ఆ గడ్డను మళ్లీ గుంతలో నిలబెట్టి మట్టి కప్పసాగింది. నేను చెయ్యి పట్టుకున్నాను, ఏడ్చాను. "మా అవ్వ సచ్చిపోతది పెద్దవ్వా!"

"నీ పేరు మీద వచ్చిన సుట్టాన్ని ఇంకొకల ఇంటికి ఎట్ల తోలుత కొడుకా? కన్నతల్లి పేరు నీ నోట్లకెల్లి రాలే. ముందుగాల ఆమెను దవాఖానకు తీస్కపో. గీ గడ్డ బలానికి, రోగానికి గాదు" అన్నది.

ఆ మధ్యాహ్నమే బస్సెక్కాను. బాపుతో పెద్ద గొడవే అయింది. మర్నాడు అవ్వను కరీంనగర్ సర్కారు దవాఖానకు తీసుకుపోయాను. అనుకున్నదే, టీబీ. ఆరు నెలలు మాత్రలు మింగింది. మూడో నెలకే ఇంటి ముందు ముగ్గు తనే వేసుకుంది.

వానలు పడ్డాక లచ్చుబాయిని చూస్తానని అవ్వే బయలుదేరింది. సాయంత్రం గుట్ట ఎక్కితే, పాతిపెట్టిన చోట నేలతాడి నాలుగు ఆకులు వేసి నిలబడి ఉంది. లచ్చుబాయి పసుపు బియ్యం అవ్వ చేతిలో పోసి, "నువ్వే చెప్పు చెల్లె" అని దూరం జరిగింది. అవ్వ మొక్క ముందు కూర్చుని బియ్యం చల్లింది. తర్వాత గుట్టంతా వినేలా అన్నది: "నేను రాజవ్వను. మాది సిరిసిల్ల. నాకు టీబీ వచ్చింది." ఇంట్లో గుసగుసగా కూడా పలకని మాట. తెల్లారి లచ్చుబాయి కట్టెపుల్ల తీయగానే అవ్వ ఆపింది. "గింత దూరం నా కాళ్లతోనే నడిచి వచ్చిన గదా అక్కా. ఇంక దాన్ని పీకుడెందుకు? ఉండనియ్యి."

తిరిగొచ్చాక వాడలో అడిగిన ప్రతి ఒక్కరికీ అవ్వ తనే చెప్పింది. ఇద్దరు ముగ్గురు రావడం మానేశారు. అయితే, మా ఎదురింటి ఆమె ఒక పొద్దున కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చి, "అక్కా, నాకూ గట్లనే దగ్గొస్తుంది" అన్నది. అవ్వ ఆమెను వెంటబెట్టుకుని దవాఖానకు నడిచింది.

లచ్చుబాయి ఇప్పుడు లేదు. పోయిన ఏడాది నా కుడిచెయ్యి వణకడం మొదలైంది. జేబులో పెట్టుకుని కొన్ని వారాలు దాచాను. డాక్టరు పార్కిన్సన్ అన్న మర్నాడు, ఇప్పుడు నేను పాఠాలు చెప్పే కాలేజీలో పిల్లల ముందు నిలబడి నా పేరు, నా రోగం పేరు నేనే చెప్పాను. చాక్‌పీసు వణికింది కానీ గొంతు వణకలేదు.