చెవి వెనక చిక్కు

కొబ్బరినూనె వాసన తగిలితే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

మా పక్కింటి అక్క దువ్వెన తీస్తే చాలు, మా బొచ్చుకుక్క రాణి వెళ్లి ఆమె ఒడిలో పడుకునేది. మైపాడు బీచి ఇసుకలో దొర్లి వస్తే దాని చెవుల వెనక జుట్టు ఉండలు కట్టేది. అక్క నూనె రాసి, నొప్పి పుట్టకుండా మొదలు నొక్కిపట్టి, కొసల నుంచి చిక్కు తీసేది. ఒక పక్క అయిపోగానే, "ఆ చెవి ఇయ్యి బంగారం," అనేది. రాణి తల తిప్పేది.

ఒకసారి ఊరెళుతూ రాణిని ఆమెకు అప్పజెప్పాం. తిరిగొచ్చేసరికి, "బీచి కాడ తప్పిపోయిందమ్మా, యాడ ఎతికినా కనపళ్ళా," అని నన్ను పట్టుకుని ఏడ్చింది. మంచినీళ్లిచ్చి నేనే ఓదార్చాను.

కొన్నాళ్లకు మా తమ్ముడి పెళ్లికార్డు ఇవ్వడానికి తోటపల్లి గూడూరులో ఉండే అక్కవాళ్ల చెల్లెలింటికి వెళ్లాను. వసారాలో అక్క కూర్చుని ఉంది. ఒడిలో రాణి.

నన్ను చూడగానే అక్క చేతిలో దువ్వెన ఆగిపోయింది.

"చెల్లెలి కూతురు కుక్క కావాలని అన్నం మానేసిందమ్మా. నిన్నడిగితే ఇయ్యవని..."

నేను "రాణీ," అని పిలిచాను.

రాణి నన్ను చూసి తోక ఊపింది. తర్వాత, అక్క అడగకుండానే, రెండో చెవి ఆమె వైపు తిప్పింది.