ఫొటోలు రాని పేజీ

జూలూరుపాడు దగ్గర మా తండా నుంచి కొత్తగూడెం పోయి కంప్యూటర్ నేర్చుకున్న ఆడపిల్లను అప్పట్ల నేనొక్కదాన్నే. పొద్దున్నే మా నాయిన పత్తిచేను పని ఆపి నన్ను బస్సెక్కించేటోడు.

వెబ్ పేజీలు రాసుడు నాకు బాగ నచ్చింది. పేజీల ఏది ఏడ ఉండాల్నో చెప్పే ట్యాగులు జల్దీనే వచ్చినయ్ గని ఆట్రిబ్యూట్ల దగ్గర తికమకపడ్డ. ట్యాగు లోపల, దాని పేరు పక్కన రాసేటివే అవి. ఇమేజ్ ట్యాగు ‘ఇక్కడ బొమ్మ పెట్టు’ అంటది, అంతే. ఏ బొమ్మ, ఏ ఫోల్డర్ల ఉన్నదో src చెప్పాలె. బొమ్మ రాకుంటే దాని బదులు ఏ మాట చూపియ్యాల్నో alt చెప్తది. లింకుకు href రాయకుంటే ఎంత నొక్కినా ఏడికీ పోదు. ఇది అర్థమైనంక ఇగ రోజంతా అదే ధ్యాస.

నేను నేర్చుకునే సెంటర్ నడిపే సార్‌కు ఖమ్మంల ఒక కాలేజీ వెబ్‌సైట్ పని దొరికేటట్టు ఉండె. “నమూనా పేజీ నువ్ చెయ్. పని వస్తే నిన్ను ఇక్కడనే టీచర్‌గ పెట్టుకుంట” అన్నడు. చేసిన. ఆయన ఫ్లాపీల పేజీ ఎక్కించుకుంటుంటే “ఫొటోల ఫోల్డర్ గూడ తీస్కపోండి సార్” అన్న.

“నాకు చెప్తున్నవా?” అని లేచిపోయిండు.

ఖమ్మం పోయొచ్చి, తెల్లారి క్లాసుల నన్ను అందరి ముందు నిలబెట్టిండు. “కాలేజోళ్ల ముందు ఒక్క ఫొటో గూడ రాలే. అన్ని డబ్బాలల్ల ఉత్త మాటలే. తండోళ్లకు కంప్యూటరెందుకని మావోళ్లు అంటనే ఉన్నరు. నేనే వినలే.”

ఎన్కనుంచి ఎవరో నవ్విన్రు. అయినా పేజీ తెరిచి చూపిచ్చిన. “src ఆ ఫోల్డర్నే అడుగుతది సార్. ఫ్లాపీల పేజీ ఒక్కటే ఉన్నది.”

“నోరు బాగనే లేస్తున్నది” అన్నడు. స్క్రీన్ దిక్కు చూడనన్న చూడలే.

తర్వాత సార్ మళ్ల ఖమ్మం పోయిండు, ఈసారి ఫోల్డర్‌తోని. పని వచ్చింది. టీచర్ కుర్చీల మాత్రం సార్ బామ్మర్ది కూసున్నడు. alt అంటే ఏందో ఆయన నా దగ్గరికొచ్చి అడిగిండు. చెప్పిన. అదే ఆయన బోర్డు మీద రాస్తుంటే అందరితోని పాటు నేనూ రాసుకున్న. ఆ తర్వాత నేను సెంటర్‌కు పోలే.

“ఏందే, బస్సుకు పోతలేవా?” అని నాయిన అడిగిండు.

“అయిపోయింది, నాయినా.”

“సర్టిఫికెట్ ఇచ్చిన్రా?”

“ఇస్తరట.”

తర్వాత వేరే ఊర్ల వేరే సెంటర్ల పని దొరికింది, బతుకు నడిచింది. ఆ సార్ మీద కోపం మాత్రం పోలే. పోవాలని నాకూ లేదు.