వంటింటి కిటికీ

చలి మొదలవుతుందనగానే గడియారాలు బాగుచేసే పెద్దాయన దుకాణం మూసి, రెండు రోజులు ఇంటి మీద పడతాడు. చూపుడువేలు నాలుకతో తడిపి తలుపుల అంచుల వెంట మెల్లగా నడిపిస్తాడు. చల్లగా తగిలిన చోటల్లా పాత దుప్పటి పేలికలు చాకుమొనతో కూరి, పైన మైనం పూస్తాడు. ఈసారి వంటింటి కిటికీకి మేకులు కూడా కొట్టేశాడు. పక్కింటావిడ రోజూ ఆయన భార్యకు ఊసులు చెప్పేది అక్కడి నుంచే. "చలి మాట సరే, మీ వాగుడు తప్పింది నాకు!" అన్నాడు. భార్య నవ్వింది. ఇల్లు వెచ్చబడింది, నిశ్శబ్దమూ అయింది. పెద్దాయనకు మాత్రం మూడు రోజులు తిండి సయించలేదు.

నాలుగో రోజు పొద్దున కాఫీ తాగుతూ, గోడకేసి చూస్తూ అడిగాడు: "ఇంతకీ ఆ టైలరు రెండో పెళ్ళికి నర్సమ్మ ఒప్పుకుందా?"

"నాకేం తెలుసు? అయినా మా వాగుడు మీరెప్పుడు విన్నారు?"

"చెవులున్నాక వినపడక చస్తుందా!"

ఆవిడ కూరలకు వెళ్ళి వచ్చేసరికి వంటింట్లో చలిగాలి ఈడ్చి కొడుతోంది. మేకులన్నీ పొయ్యిగట్టు మీద ఉన్నాయి. పెద్దాయన మఫ్లరు చుట్టుకుని, కిటికీలోంచి సగం బయటికి వంగి పక్కింటావిడతో అంటున్నాడు:

"మొదట్నించి చెప్పమ్మా. మా ఆవిడ వస్తే ఆమెకి నేను చెప్తాలే!"