వంటిల్లు లేని ఇల్లు

సుబ్బరత్నమ్మ వర్ని దగ్గర కోస్తావాళ్లు స్థిరపడ్డ క్యాంపు నుంచి వచ్చి బాన్సువాడ బస్టాండు ఎదుట రేకుల షెడ్డులో ఇడ్లీ హోటలు పెట్టింది. మొగుడు ఏడుకొండలు బతికే ఉన్నాడు గానీ, పేకాటలో ఉన్నాడు. ఆవిడ నోటికి ఊళ్లో అందరూ జడిసేవారు. ఇడ్లీ గట్టిగా ఉందన్న తాసీలాఫీసు గుమాస్తాతో, "పళ్లు కట్టించుకుని రండి, మెత్తబడుతుంది" అన్న మనిషి.

1977లో బజారు వెనక వీధిలో ఆశన్న ఇల్లు వేలానికి వచ్చింది. చెరకు వేస్తానని ఇల్లు కుదువబెట్టి అప్పు తెచ్చిన ఆశన్న, ఆ డబ్బుతో పాత లారీ కొన్నాడు. లారీ డోంగ్లి దాటి మహారాష్ట్రలోకి వెళ్లి, ఆ దేశం నచ్చిందేమో, తిరిగి రాలేదు.

కోర్టు అమీను డప్పు కొట్టించి ఇంటి ముందే పాట పెట్టాడు. ఊరివాళ్లు వచ్చారు, బీడీలు కాల్చారు, ఒక్కడూ పాట పాడలేదు. ఇల్లు కొందామని వచ్చిన సుబ్బరత్నమ్మ, తనని చూసి జంకారనుకుంది.

"లోపలికెళ్లి ఓసారి చూద్దామే" అన్నాడు ఏడుకొండలు. పెళ్లయ్యాక ఆయన అన్న తెలివైన మాట అదొక్కటే.

"పెళ్లిచూపులా, వెళ్లి కూర్చోడానికి? గోడలు కనిపిస్తున్నాయిగా" అని పాట పాడేసింది.

కోర్టు ఖరారు చేసి స్వాధీనం ఇచ్చేనాటికి తాళంచెవి ఉంది గానీ తలుపు లేదు. ఆశన్న తలుపులు, కిటికీలు, ఒక గది మీది పెంకులు కూడా బండికెత్తుకుని అత్తగారి ఊరు పోయాడు.

"ఇల్లన్నరు, ఇల్లున్నది. తలుపుల ముచ్చట నన్నడగకున్రి" అని అమీను సైకిలెక్కాడు.

పెరట్లో వంటింట్లో ఒక ముసలావిడ జొన్నరొట్టె కాలుస్తోంది. ఆశన్న చిన్నమ్మ, గంగవ్వ.

"మామ్మగారూ, ఇల్లు మేం కొన్నాం. ఖాళీ చేయాలి మీరు."

గంగవ్వ రొట్టె తిప్పింది. "ఇల్లు నీదే బిడ్డా. గీ వంటిల్లు, బాయి నాయి. పంపకంల నా మొగని వాటకొచ్చినయి. ఆశన్న కుదువబెట్టింది వాని వాట. నువ్వు వాకిట్ల వండుకో."

సుబ్బరత్నమ్మ పక్కింటి దర్జీ దేవిదాస్‌ని పట్టుకుంది. "ఈ సంగతి నీకు తెలుసా?"

"ఊరందరికి ఎరికనే అక్కా."

"మరి పాట రోజు చెప్పలేదేం?"

"నువ్వడగలే."

వకీలు కాగితాలు తిరగేసి, ముసలావిడ మాటే నిజమన్నాడు. చూసుకోకుండా కొన్నందుకు కోర్టు ఏమీ చేయదన్నాడు. ఆ మాట చెప్పినందుకు ఫీజు మాత్రం తీసుకున్నాడు.

సుబ్బరత్నమ్మ పంతం పట్టి వసారాలో పొయ్యి పెట్టి, గాలి వంటింటి వైపు మళ్లినప్పుడల్లా ఎండుమిరపకాయలు వేయించింది. గంగవ్వ తుమ్ముతూనే బావి గిలక విప్పి దాచేసింది. వానాకాలం వచ్చింది. పెంకుల్లేని గది కారింది. తలుపుకు బదులు కట్టిన గోనెపట్టా కిందనుంచి కుక్క దూరి, హోటలుకి రుబ్బిన పిండంతా నాకేసింది. ఖాళీ గిన్నె ముందు సుబ్బరత్నమ్మ చతికిలబడి ఏడ్చింది. ఆవిడ ఏడవగలదని ఏడుకొండలుకి ఆరోజే తెలిసింది.

గంగవ్వ గడపలోకి వచ్చింది. "కుక్కకేం కాలేదు గద?"

తిట్టబోయి నవ్వేసింది సుబ్బరత్నమ్మ.

"వంటిల్లు కిరాయికిస్త. బాయి గూడ వాడుకో."

"నా ఇంట్లో నేనే కిరాయి కట్టాలా?"

"నీ ఇంటికెవరడిగిండ్రు? నా వంటింటికి."

కట్టింది. హోటలు ఆ వసారాలోకే మారింది. కొన్నేళ్లకి గంగవ్వ వంటిల్లు అమ్ముతానంది. ఈసారి సుబ్బరత్నమ్మ టేపుతో ప్రతి గోడా కొలిపించి, రిజిస్ట్రీ ఆఫీసులో పాత దస్తావేజులు తీయించి, వీధిలో ప్రతి ఇంటికీ వెళ్లి అడిగింది. దేవిదాస్‌నైతే రెండుసార్లు అడిగింది.

రిజిస్ట్రీ అయిన మర్నాడు పొద్దున గంగవ్వ ఎప్పటిలాగే పొయ్యి ముందు కూర్చుని ఉంది.

"ఖాళీ చేయవా మామ్మా?"

"ఏడికి పోవాలె? జర పక్కకు జరుగు, పొగొస్తది."

సుబ్బరత్నమ్మ జరిగింది.