మోతక్క బారెడు పాట

కుట్టుమిషన్ల హాల్లో ఆమెను అందరూ మోతక్క అనే పిలుస్తారు. నిజానికి ఆమె గొంతెత్తి మాట్లాడే మనిషి కాదు. మోతంతా ఆమె పాటది. ఎగతాళికి పెట్టిన ఆ పేరును ఆమె బిరుదులా మోస్తూ, నిక్షేపంగా కాలర్లు కుట్టుకుంటూ ఉంటుంది.

ఆ హాల్లో ఒక అలవాటుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మిషన్లకు నూనె వేస్తారు. అది లోపలికి ఇంకేదాకా మిషన్లు తిప్పకూడదు. తిప్పితే బట్ట మీద మరకలు పడి కొంప మునుగుతుంది. ఆ ఖాళీ సమయంలో రోజుకొకరు తమకు నచ్చిన పాట పెట్టుకోవచ్చు. ఒక మనిషికి ఒక పాట. స్పీకరు మాత్రం కటింగ్ మాస్టర్ బల్ల మీద ఉంటుంది. హాలుకు పెద్ద ఆయనే. తీర్పులు కూడా ఆయనవే.

తన వంతు వచ్చినప్పుడల్లా మోతక్క ఏదో ఒక చిన్న పాట పెట్టి ఊరుకునేది. మనసులో ఉన్న పాట వేరు. ఆమె పడుచుతనంలో నలుగురు కుర్రాళ్ల రాక్ బ్యాండు ఒకటుండేది. గంతులేసే పాటలు నాలుగు చేసి పేరు తెచ్చుకున్నారు. అలాగే ఇంకో నాలుగు చేస్తే హాయిగా బతికిపోయేవాళ్లే. చెయ్యలేదు. క్యాసెట్టులో ఒక వైపంతా ఒకటే పాట నింపారు. మొదట డ్రమ్ము ఒక్కటే మొదలవుతుంది. బరువు మోసేవాడు మెట్లెక్కుతున్నట్టు ఆగి ఆగి కొడతాడు. గిటార్ వెంటనే కలవదు. వినేవాడికి ఓపిక ఉందో లేదో చూసుకుని గానీ రాదు. తర్వాత తుఫాను. నడిమధ్యలో అంతా ఒక్కసారిగా ఆగిపోతుంది. చప్పుడుండదు. ఊపిరి బిగబట్టి కూర్చోవాలి. 'ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట' అని అప్పట్లో అందరూ నవ్వారు. బ్యాండు కూడా ఆ తర్వాత విడిపోయింది.

"స్వర్గం అందకపోతే పోనీ, ఎగిరారు కదా! ఉట్టి దగ్గరే కూర్చున్నవాళ్లకి నవ్వే హక్కెక్కడిది?" అంటుంది మోతక్క. ఈ కథ చెబుతున్న నాదీ అదే మాట.

ఇంట్లో ఆమె భర్త మంచివాడే. పాట సంగతి వచ్చేసరికి మాత్రం, "చెవుల్లో పెట్టుకుని వినవే, ఎవరొద్దన్నారు?" అంటాడు.

"ఇన్నేళ్లూ చెవుల్లోనే పెట్టుకున్నానయ్యా. అందరి పాటలూ గదంతా వినబడాలి, నా పాటేమో దొంగసొత్తులా దాక్కోవాలా?" అందామె ఒకరోజు. అన్నాక తనకే తెలిసింది, ఆ పాట పదిమందిలో మొదటినుంచి చివరిదాకా ఒక్కసారి మోగకపోతే తనకు నిద్ర పట్టదని.

ఈసారి తన వంతు రాగానే ఆ పాటే పెట్టింది. ఆడవాళ్లు మొహాలు చిట్లించారు. కాజాలు కుట్టే పిన్ని చెవుల్లో దూది కుక్కుకుంది. సగానికి చేరేసరికి పాట నిశ్శబ్దంలోకి వెళ్లింది.

"అమ్మయ్య, వదిలింది!" అని మాస్టర్ తన పాత పాటొకటి తగిలించాడు.

మోతక్కకు ఒళ్లు మండింది. "ఇంకా అవలేదు మాస్టారూ. అది పాటలో భాగమే."

"పాట లేకపోవడం పాటలో భాగమా? బాగుందమ్మా వరస!" అని ఆయన పకపకా నవ్వి, అక్కడికక్కడే కొత్త తీర్పిచ్చాడు. "ఇకనుంచి ఐదు నిమిషాలు దాటిన పాట ఇక్కడ మోగడానికి లేదు."

"ఒక మనిషికి ఒక పాట అన్నారు. మూరెడు పాటా బారెడు పాటా అన్నారా?"

"ఇప్పుడంటున్నాగా."

మళ్లీ వంతు వచ్చేదాకా ఆమె కిక్కురుమనలేదు. తగ్గిందనుకున్నారు. ఆ రోజు రాగానే ఫోను స్పీకరుకు తగిలించి మళ్లీ ఆ పాటే పెట్టింది. ఐదు నిమిషాలు కాగానే మాస్టర్ ప్లగ్గు పీకేశాడు. ఆమె ఫోనును తన ఖాళీ స్టీలు డబ్బాలో నిలబెట్టి, ఆపిన చోటునుంచి అందుకుంది. డబ్బాలోంచి గిటార్ గరగరమంటూ పైకొచ్చింది.

"మిషన్లు ఆన్ చెయ్యండి!" అని అరిచాడు మాస్టర్. ఆ రొదలో పాట మునిగిపోతుందని ఆయన ఎత్తు.

ఎవరి చెయ్యీ కదలకముందే, ఈసారీ కుక్కుకున్న దూదిని పిన్ని చెవుల్లోంచి తీసింది. "నూనె ఇంకా ఇంకలేదు మాస్టారూ."

"నీకూ పిచ్చెక్కిందా? నీకీ పాటంటే పడదుగా!"

"పడదు. తలనొప్పి పాట. కానీ సగంలో పీకెయ్యడానికి నువ్వెవరయ్యా? ఇవాళ దానిది, రేపు నాది. బట్ట మీద మరక పడితే నీదే పూచీ, ఆన్ చెయ్యమంటావా?"

మాస్టర్ విసురుగా తన బల్ల దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. పాట నిశ్శబ్దానికి చేరింది. ఈసారి హాలు కూడా ఆగింది. ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. ఆ నిశ్శబ్దంలోంచి గాయకుడి గొంతు ఒంటరిగా లేచింది. వాడికి అందని ఎత్తుకు పోయింది. అక్కడ జీరపోయి, రెండుగా చీలింది. దాన్ని బ్యాండు వాళ్లు చెరపలేదు, మళ్లీ పాడనూ లేదు. అలాగే ఉంచి, ఆ చీలిన గొంతు మీదే డ్రమ్ములూ గిటార్లూ అన్నీ కలిపి విరుచుకుపడ్డారు. మోతక్క కళ్లు తుడుచుకోకుండా అందర్నీ చూస్తూ నిలబడింది. సిగ్గుపడలేదు.

పాట పూర్తయింది. చప్పట్లేమీ లేవు. పిన్ని మాత్రం, "మధ్యలో వాడెవడో పాపం, గొంతు పోగొట్టుకున్నాడే," అంది.

"పోగొట్టుకోలేదు పిన్నీ. ఉన్నదంతా పాటలో పెట్టేశాడు."

మాస్టర్ కత్తెర సర్దుకుంటూ గొణిగాడు. "మళ్లీ నీ వంతుకు కూడా ఇదేనా?"

"ఇదే," అంది మోతక్క. "ప్లగ్గు మీరే పెడతారా, నన్ను పెట్టమంటారా?"